అదే మందు మళ్ళీ

ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం, బంగాళాదుంపల గోదాం వెనక సాధన చేస్తూ చేస్తూ ఆవిస్ రంపం ఆపేసింది.

"ఏంటి వదినా, అటు పక్క నువ్వున్నావా, మేకని కట్టేసి పోయావా?"

"నోరు మూసుకుని లాగు. బాగానే లాగుతున్నాగా."

"ఏం బాగు? మూడొంతులు లాగి వదిలేస్తున్నావ్. పద్నాలుగేళ్ళ నుంచి నీకు ఎదురుగా నిలబడి లాగుతున్నా. నాకా చెప్తావ్?"

లోర్నా బ్రామిచ్‌కి అప్పటికి యాభై తొమ్మిదేళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎండుకర్రలా ఉండే మనిషి. ఆవిస్ ఆమె భర్త క్లెమ్‌కి చెల్లెలు, ఐదేళ్ళు చిన్న, ఒళ్ళు మాత్రం రెండింతలు. పెళ్ళి చేసుకోలేదు. అన్న పొలం పక్కనే తన పొలం, అదీ దుంపలే. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి వాయవ్య కొండల్లో, వాట్లింగ్ క్రీక్ ఊరి ఎర్రమట్టిలో, దుంపలు కాకపోతే పాలు, పాలు కాకపోతే దుంపలు. ఇక వానా చలీ లేని రోజుల్లో జనానికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి, గొడ్డళ్ళతో రంపాలతో పోటీపడి దుంగలు కొయ్యడం. ఆ వదినా ఆడపడుచులు ఇద్దరూ ఆడవాళ్ళ జంటరంపంలో, అంటే ఇద్దరు చెరో చివర పట్టి లాగే రంపంలో, చుట్టుపక్కల పది ఊళ్ళలో పేరున్నవాళ్ళు. ఇంట్లో ఒకరి మాట ఒకరికి పొసగదు. రంపం పట్టుకుంటే మాత్రం ఇద్దరికీ ఊపిరి ఒకటే.

అందుకే ఆవిస్‌కి తెలిసిపోయింది. ఉక్కు పట్టీకి అవతల చివర ఉన్న చెయ్యి పూర్తిగా చాచడం లేదని ఆమె అరచేతికి తెలిసిపోయింది.

"ఎత్తు చెయ్యి," అంది.

"ఎందుకే?"

"ఎత్తమన్నానా!"

లోర్నా ఎత్తింది. ఎత్తుతుంటే ఎక్కడో పట్టేసినట్టు ముఖం చిట్లించింది. ఆవిస్ మొహమాటం లేకుండా చంకలో వేళ్ళు పెట్టి తడిమింది. అక్కడ బిళ్ళ కట్టింది. కోడిగుడ్డంత లేదు గానీ పిట్టగుడ్డు కంటే పెద్దది. దాని పక్కనే ఇంకోటి. నొప్పి లేదు. నొప్పి లేకపోవడంతోనే ఇద్దరికీ భయం వేసింది. నాలుగేళ్ళ కింద మెడలో వచ్చినవి కూడా నొప్పి లేకుండానే వచ్చాయి.

ఆవిస్ చెయ్యి తీసేసి, ప్యాంటుకి తుడుచుకుని, దుంగ మీద కూర్చుంది. ఆవిస్ ఏమీ అనకుండా ఉండటం లోర్నా పెళ్ళయ్యాక ఇది రెండోసారో మూడోసారో.

*

అప్పుడు, నాలుగేళ్ళ కింద, దాని పేరు లింఫోమా అన్నారు. అందులోనూ నెమ్మదిగా నడిచే రకం, ఫాలిక్యులర్ అంటారన్నారు. రక్తంలో, గ్రంథుల్లో ఉండే ఒక జాతి కణాలు దారి తప్పి, చావాల్సిన వేళకి చావకుండా పోగుపడిపోతాయట. వారానికొకటి చొప్పున నాలుగు వారాలు నరంలోకి యాంటీబాడీ మందు ఎక్కించారు. జుట్టు ఊడలేదు, వాంతులు లేవు. గడ్డలు కరిగిపోయాయి. ఊరంతా పండగ చేసుకున్నారు. క్లెమ్ ఒక్కడే ఏమీ చెయ్యలేదు. ఆ రోజంతా షెడ్డులో కూర్చుని ఆకురాయితో రంపం పళ్ళు పదును పెట్టాడు. ఆయన సంతోషించినా, దుఃఖించినా చేసే పని అదే.

మొదటి రోజు ఆ మందు ఎక్కుతుండగా వచ్చిన వణుకు గురించి మాత్రం లోర్నా ఎవరితోనూ చెప్పలేదు. మంచం ఇనుప కాళ్ళు నేలమీద టకటకలాడేంత వణుకు. పళ్ళు కొట్టుకుని నాలుక తెగింది. ముప్పై ఏళ్ళ కింద పోయిన తల్లిని పేరు పెట్టి పిలిచింది, తెలియని మనుషుల ముందు, చిన్నపిల్లలా. పక్కింటి ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి లాగిన మనిషి. చలికాలం గేటు కింద పడి కాలు విరిగితే మైలు దూరం డేకిన మనిషి. అలాంటిది తన ఒళ్ళు తన మాట వినకుండా అట్లా ఎగిరెగిరి పడటం ఆమె మరచిపోలేదు. జబ్బుకంటే దానికే ఎక్కువ సిగ్గుపడింది.

బయాప్సీ మార్చిలో చేశారు. ఫలితం చెప్పే రోజున ఆవిస్ వెంట వచ్చింది. క్లెమ్‌ని కూడా రమ్మంటే, "దుంపలు తవ్వే మిషన్ పాడైంది," అన్నాడు. మిషన్ బాగానే ఉంది. ఆసుపత్రి తలుపు దాటితే ఆయన కాళ్ళు కదలవని ఆడవాళ్ళిద్దరికీ తెలుసు, అందుకే వదిలేశారు.

డాక్టర్ వెస్నా రాడిచ్ పొట్టిగా, గుండ్రంగా, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుక్కునే మనిషి. కానీ మాట సూటిగా ఉంటుంది.

"అదే జబ్బు," అంది. "అదే రకం. ముదరలేదు, రూపు మార్చుకోలేదు. అది మంచి సంగతి."

"తిరిగొచ్చింది కదా, అందులో మంచేముంది?" అంది లోర్నా.

"నేనైతే మళ్ళీ అదే మందు ఇద్దామనుకుంటున్నా. వారానికొకటి, నాలుగు వారాలు."

లోర్నా నవ్వింది. నవ్వు బాగాలేదు. "డాక్టరమ్మా, ఒకసారి ఓడిన గుర్రం మీద మళ్ళీ డబ్బు పెడతారా ఎవరైనా?"

"ఓడిందని ఎవరన్నారు? మూడేళ్ళ పది నెలలు పరిగెత్తింది మీ గుర్రం. అలిసిపోయి ఆగింది, చావలేదు." డాక్టర్ కళ్ళజోడు దొరికించుకుని ముక్కు మీదికి దించింది. "చూడండి. ఈ కణాల ఒంటిమీద ఒక గుర్తు ఉంటుంది, గొర్రెల చెవికి పోగుండదూ, అట్లాగ. మందుకి తెలిసింది ఆ గుర్తొక్కటే. వెళ్ళి దాన్ని పట్టుకుని వేలాడుతుంది. అప్పుడు మీ ఒంట్లో కాపలా ఉండే కణాలు వచ్చి, పట్టుబడ్డవాణ్ణి మట్టుబెడతాయి. కొన్నిసార్లు తిరిగొచ్చిన జబ్బు ఆ గుర్తు పారేసుకుని వస్తుంది. అప్పుడు మందుకి అది కనిపించదు. మీది పారేసుకోలేదు. బయాప్సీలో ముందు వెతికింది దానికోసమే."

"తప్పకుండా పనిచేస్తుందా?" అంది ఆవిస్.

"తప్పకుండా అనలేను. రెండోసారి ఎక్కించుకున్నవాళ్ళలో సగానికి కాస్త తక్కువ మందికి పనిచేస్తుంది. అందులో కొందరికి మొదటిసారికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎందుకో అందరికీ నచ్చే జవాబు నా దగ్గర లేదు. కీమో కలిపి కూడా ఇవ్వొచ్చు. అది పెద్ద దెబ్బ. దాన్ని వెనక దాచిపెట్టుకుందామని నా ఆలోచన. తొందరేం లేదు, ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

దారంతా ఆవిస్ మాట్లాడుతూనే ఉంది, లోర్నా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇల్లు చేరాక, "వద్దులే," అంది. "ఒకసారి చేశాంగా."

ఆవిస్‌కి ఒళ్ళు మండింది. "ఒకసారి చేశాంగా అని అన్నం తినడం మానేశావా?" అని కారు తలుపు దభీమని వేసి తన ఇంటికి పోయింది.

*

పది రోజులు గడిచాయి. ఊరికి సంగతి తెలిసింది. ఊరికి తెలిస్తే ఏమవుతుందో లోర్నాకి ముందే తెలుసు. వంటకాలు రావడం మొదలైంది. ట్యూనా చేపా చీజూ వేసి కాల్చినవి ఏడు వచ్చాయి. ఏడూ ఒకటే రుచి. తెచ్చినవాళ్ళందరూ గొంతు తగ్గించి, తల కొంచెం పక్కకి వంచి మాట్లాడారు. లోర్నా కూడా గుమ్మం దగ్గర నిలబడి అట్లాగే గొంతు తగ్గించి జవాబు చెప్పడం మొదలుపెట్టింది, ఇంట్లో ఎవరో పడుకున్నట్టు.

పదకొండో రోజున ఈనిడ్ పార్సన్స్ వచ్చింది. ప్రదర్శన కమిటీ కార్యదర్శి. ప్రతి నవంబరు చివరి శనివారం ఊళ్ళో పశువులు, పూలు, కేకులు, దుంగల పోటీలు, అన్నీ ఆమె చేతిమీదుగానే జరుగుతాయి. చాక్లెట్‌లో ముంచి కొబ్బరి అద్దిన లామింగ్టన్లు పళ్ళెం నిండా తెచ్చింది. టీ తాగింది. తల పక్కకి వంచింది.

"కమిటీ ఒక మాట అనుకుంది లోర్నా. నువ్వు ఏమీ అనుకోకూడదు. ఆడవాళ్ళ జంటరంపం కప్పుకి నీ పేరు పెడదామని."

"నా పేరా? బాగానే ఉంది."

"లోర్నా బ్రామిచ్ స్మారక కప్పు అని."

వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న ఆవిస్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"స్మారకమా?" అంది లోర్నా. "ఎవరు పోయారు?"

ఈనిడ్ ముఖం ఎర్రబడింది. "అది కాదు, ముందుగా చెక్కించాలి కదా, చెక్కేవాడు లాన్సెస్టన్‌లో ఉన్నాడు, రెండు మూడు నెలలు పడుతుందంటాడు, అందుకని…"

"రెండు మూడు నెలలు! మరీ ఆలస్యం. ఈలోపు నేను ఆగుతానో లేదో!"

ఆవిస్ వంటింట్లోంచి వచ్చి, లామింగ్టన్ల పళ్ళెం ఎత్తి ఈనిడ్ ఒళ్ళో పెట్టి, "తల్లీ, నీ కార్ అడ్డంగా పెట్టావ్, మా ఆవులు రావాలి," అంది. బ్రామిచ్‌లకి అసలు ఆవులు లేవు. ఈనిడ్ పళ్ళెంతో సహా లేచింది.

కార్ శబ్దం రోడ్డెక్కేదాకా ఇద్దరూ బిగబట్టుకుని, తర్వాత పడీపడీ నవ్వారు. లోర్నా కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, అది నవ్వు కాకుండా పోయింది. ఆవిస్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"వణుకే," అంది లోర్నా. "నాకు చావంటే భయం లేదు. ఆ వణుకంటే భయం. నీకు తెలియదు ఆవిస్. నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. అమ్మా అమ్మా అని అరిచాను."

ఆవిస్ తన చేతిగుడ్డ ఆమె చేతిలో పెట్టింది. "పోయినసారి నేను లేను కదా పక్కన?"

"నువ్వు దుంపలు తవ్వుతున్నావ్."

"ఈసారి దుంపలు వాటంతట అవే తవ్వుకుంటాయి. ఫోన్ తే."

*

ఏప్రిల్ మొదటి గురువారం. ఆసుపత్రి సముద్రం ఒడ్డున ఉన్న పట్నంలో ఉంది. మందు ఎక్కించే గదిలో ఎనిమిది కుర్చీలు, రెండు మంచాలు. లోర్నాకి మంచం ఇచ్చారు. చూసుకునే నర్సు టెవిటా అని టోంగా దీవుల మనిషి, తలుపంత వెడల్పు, ముప్పై దాటి ఉంటాయి. చెయ్యి ఎంత పెద్దదో సూది అంత మెత్తగా గుచ్చాడు.

ఆవిస్ టీ కోసం వెళ్ళినప్పుడు అతను కాగితాలు తిరగేస్తూ అన్నాడు, "పోయినసారి మొదటి రోజు గట్టిగా వణికారని రాసుంది అత్తా."

లోర్నా గోడవైపు చూసింది. "ఇంకేం రాసుంది?"

"ఇంకేం లేదు."

"నేను మా అమ్మని పిలిచాను. అది రాయలేదా?"

టెవిటా కాగితాలు పక్కన పెట్టాడు. "రగ్బీ ఆడుతుంటే ఒకసారి నా భుజం జారింది. మా నాయనమ్మని పిలిచాను. ఆవిడ ఆటకి వచ్చింది, పిలవగానే మైదానంలోకి గొడుగు పట్టుకుని వచ్చేసింది. రెండు జట్లూ చూశాయి. ఇప్పటికీ నన్ను గొడుగనే పిలుస్తారు."

లోర్నా నవ్వింది. అతను మాత్రలిచ్చాడు, జ్వరం రాకుండా ఒకటి, దురద దద్దురు రాకుండా ఒకటి. నరంలోకి ఇంకోటి ఎక్కించాడు. తర్వాత అసలు మందు పెట్టాడు. చూడటానికి మంచినీళ్ళలా ఉంది. "చాలా నెమ్మదిగా మొదలుపెడతాను. ఏమాత్రం తేడా ఉన్నా చెప్పండి, వెంటనే ఆపేస్తా. దాస్తే మాత్రం కోప్పడతా."

గంట గడిచింది. ఆవిస్ పేపర్‌లో చావుకబుర్లు పైకి చదివి వినిపించింది, ఎవరెవరికంటే తాము పెద్దవాళ్ళో లెక్క చూసుకోవడం ఆమెకి అలవాటు. గంటా పది నిమిషాలకి లోర్నా దవడ బిగుసుకుంది. వీపు కిందనుంచి చలి పాకుతూ వచ్చింది. దాచాలనిపించింది. ఒక్క క్షణం దాచింది కూడా.

"వస్తోంది," అంది తర్వాత.

టెవిటా రెండు అంగల్లో వచ్చి మందు ఆపేశాడు. అప్పటికే మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. మంచం ఊగడం మొదలైంది. ఇంకో నర్సు ఇంజెక్షన్ తెచ్చింది, వేడి దుప్పట్లు తెచ్చింది. లోర్నాకి పైకప్పు దీపాలు రెండుగా కనిపించాయి. అప్పుడు ఆవిస్ రెండు చేతులూ పట్టుకుంది. ఊరికే పట్టుకోలేదు. రంపం పిడి పట్టుకున్నట్టు పట్టుకుంది, బొటనవేళ్ళు పైకి.

"లాగు," అంది. "వదులు. లాగు. వదులు. నా వైపు చూడవే. లాగు."

"నే… నేను… వల్ల కాదు…"

"నోరు మూసుకుని లాగు. అటు పక్క మేకని కట్టేశావా? లాగు. వదులు."

లోర్నా ఊపిరి ఆ మాటను పట్టుకుంది. ఒళ్ళు ఎగిరిపడుతూనే ఉంది, కానీ ఇప్పుడు ఆ ఎగిరిపాటు మధ్య లాగుడొకటి, వదులుడొకటి ఉన్నాయి. ఆవిస్ ముఖమంతా చెమట. పక్క కుర్చీలో మందు ఎక్కించుకుంటున్న ముసలాయన ఒకడు వాళ్ళతోపాటు గొంతు కలిపి, "లాగు… వదులు…" అంటున్నాడు. లోర్నా ఎవర్నీ పిలవలేదు. పిలవాల్సినవాళ్ళు పక్కనే ఉన్నారు.

ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత వణుకు వచ్చినంత తొందరగానే తగ్గింది. లోర్నా తడిసిన గుడ్డలా పడుకుంది. ఆవిస్ చేతుల మీద గోళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి.

టెవిటా డాక్టర్‌తో మాట్లాడి వచ్చాడు. "అంతా సర్దుకున్నాక సగం వేగంతో మళ్ళీ మొదలుపెట్టొచ్చట. లేదా ఈ రోజుకి ఆపేసి రేపు చూద్దామంది. మీ ఇష్టం అత్తా. ఏదైనా తప్పు కాదు."

లోర్నా పైకప్పువైపు చూసింది. నాలుగేళ్ళుగా కలలో కూడా భయపడ్డది వచ్చింది, తన మీద నుంచి నడిచి వెళ్ళిపోయింది. తను ఇక్కడే ఉంది. ఇంకా మందు సీసాలో మూడొంతులు ఉంది.

"మొదలుపెట్టు," అంది.

అది అయ్యేసరికి సాయంత్రం ఐదున్నర. టెవిటా డ్యూటీ నాలుగింటికే అయిపోయింది, అయినా పోలేదు. చివరి చుక్క దిగాక సూది తీసేసి, దూది అదిమి, "మీకు ఎదురుగా రంపం పట్టుకోవాలంటే నాకు భయమే అత్తా," అన్నాడు.

రెండో వారం చిన్న జలదరింపు కూడా రాలేదు. మూడో వారం లోర్నా గురక పెట్టి నిద్రపోయింది, ఆవిస్ దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి ఊళ్ళో సగం మందికి వినిపించింది. నాలుగో వారం పేకాట ఆడారు. ఆవిస్ ఐదాటలు వరసగా ఓడి, పేకముక్కల్లో తేడా ఉందంది.

*

అక్కడ చలికాలమంటే జూన్, జూలై నెలలు. అది వచ్చింది. కొండల మీద మంచు, పొలంలో బురద. లోర్నా చంక తడుముకోలేదు. స్నానం చేసేటప్పుడు సబ్బు కూడా చూడకుండా రాసుకునేది. ఆవిస్ ఆదివారం ఆదివారం, "ఉందా?" అనేది. "చూడలేదు," అనేది లోర్నా. "అయితే నన్ను చూడనివ్వు." "పో అవతలికి."

జూన్ నెలలో ఒకరోజు గోదాంలో పైన ఉన్న బుట్ట అందుకోబోయి చెయ్యి చాచింది. పూర్తిగా చాచింది. బుట్ట అందుకుంది, కింద పెట్టింది, మళ్ళీ పైన పెట్టింది, మళ్ళీ అందుకుంది. ఎవరికీ చెప్పలేదు.

స్కాన్ జూలై చివర తీశారు. డాక్టర్ రాడిచ్ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. మార్చిలో తీసిన దాంట్లో చంకలో, కడుపులో, గజ్జల్లో దీపాలు పెట్టినట్టు వెలుగుతున్నాయి. రెండోదాంట్లో గుండె, మెదడు, ఎప్పుడూ వెలిగేవే వెలుగుతున్నాయి. మిగతా చోటంతా చీకటి. మంచి చీకటి.

"ఏదీ?" అంది లోర్నా.

"అదే నేను చెప్పేది. లేదు."

"చిన్నది కూడా లేదా?"

"వెతికాను. నేను వెతికాను, స్కాన్ తీసినవాళ్ళు వెతికారు. లేదు."

ఆవిస్ పెద్దగా ఏడ్చింది. బయట వరండాలో వాళ్ళు తొంగి చూసేంత పెద్దగా. డాక్టర్ కాగితం గుడ్డల పెట్టె జరిపి, ఆవిడ ఏడుపు ఆగేదాకా ఉండి, లోర్నాతో అంది:

"ఒక మాట చెప్పాలి. ఇది మళ్ళీ రావచ్చు. ఐదేళ్ళకో, పదేళ్ళకో, అంతకుముందో. రాకపోనూవచ్చు. నేను మీకు అబద్ధం చెప్పను."

"రానీ," అంది లోర్నా. "దారి తెలిసిన చుట్టం. వస్తే ఏం పెట్టాలో మనకి తెలుసుగా." అని, కాసేపాగి, "అమ్మా, నేను మీ గుర్రాన్ని అనరాని మాట అన్నాను. మన్నించండి," అంది. డాక్టర్ రాడిచ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, దాన్ని ఎక్కడో పెట్టింది, మళ్ళీ వెతుక్కుంది.

కార్ దగ్గర నిలబడి లోర్నా క్లెమ్‌కి ఫోన్ చేసింది.

"పోయాయి," అంది. "అన్నీ పోయాయి."

అవతల ఆకురాయి కింద పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత, "సరే," అన్నాడు. ఇంకొంచెం ఆగి, "సరే," అన్నాడు. మూడో సరే సగంలో తెగిపోయింది. ఫోన్ పెట్టేశాడు. వాళ్ళు ఇల్లు చేరేసరికి ఆకురాయి శబ్దం రోడ్డుదాకా వినిపిస్తోంది.

*

నవంబరు చివరి శనివారం ఎండ కాసింది. దుంగల పోటీ దగ్గర రంపంపొట్టు వాసన, వేయించిన ఉల్లిపాయల వాసన. లోర్నా, ఆవిస్ తెల్ల ప్యాంట్లు, తెల్ల బనీన్లు వేసుకుని వచ్చి బోర్డు చూశారు.

ఈ పోటీల్లో అందరూ ఒకేసారి మొదలుపెట్టరు. సెకనుకొకటి చొప్పున అంకెలు లెక్కపెడుతూ ఉంటారు. బలహీనులు 'మూడు' అనగానే మొదలుపెడతారు, గట్టివాళ్ళు తమ అంకె వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. ఎవరి అంకె ఎంతో తేల్చేది గస్ ట్రెలోర్. పోయినసారి ఈ వదినా మరదళ్ళ అంకె పది. ఇప్పుడు బోర్డు మీద మూడు అని ఉంది.

"బాగుందే," అంది ఆవిస్. "ఏడు సెకన్లు ఊరికే వచ్చాయి."

లోర్నా అప్పటికే గస్ బల్లవైపు నడుస్తోంది.

"గస్, ఏంటది?"

"ఏడాది పైగా పోటీలో లేవు కదా లోర్నా. పైగా…"

"పైగా?"

"పైగా… అదే." తల కొంచెం పక్కకి వంచాడు.

"మెడ నిటారుగా పెట్టి మాట్లాడు. దుంగకి తెలుసా నాకు జబ్బొచ్చిందని?"

"నిన్ను వెనక నిలబెడితే జనం నన్ను రాక్షసుడంటారు!"

"మూడులో నిలబెట్టావంటే నేనంటాను. పది రాయి."

గస్ ఆవిస్ వైపు చూశాడు. ఆవిస్ నిట్టూర్చింది. "రాయి నాయనా. దాంతో నువ్వు రెండు నిమిషాలే వేగుతున్నావ్. నేను పద్నాలుగేళ్ళు వేగాను."

పది రాశాడు.

ఆరు జంటలు. మూడులో పెంగ్విన్ ఊరి అక్కచెల్లెళ్ళు. అందరికంటే వెనక, పద్నాలుగులో, డెలొరైన్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు, నాలుగేళ్ళుగా వాళ్ళదే గెలుపు. క్లెమ్ నూనె సీసా పట్టుకుని దుంగ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోత బిగుసుకోకుండా రంపం వెనక చెక్క చీల దూర్చే పని ఎప్పుడూ ఆయనదే. కంచె అవతల టెవిటా కనిపించాడు, పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, చేతిలో మాంసం కూరిన రొట్టె. పెళ్ళాం పక్కన ఒక ముసలావిడ గొడుగు వేసుకుని నిలబడింది.

"ఒకటి… రెండు… మూడు!" పెంగ్విన్ రంపం కదిలింది. ఐదులో ఇంకో జంట. ఏడులో ఇంకో రెండు. లోర్నా పిడి పట్టుకుని, కాలు వెనక్కి తన్ని నిలబడింది. ఇతరుల పొట్టు గాలిలో ఎగిరి ముఖాన పడుతోంది. ఏడు సెకన్లంటే ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. ఆవిస్ కళ్ళలోకి చూసింది.

"పది!"

మొదటి లాగుడుకే రంపం పళ్ళు చెక్కలో దిగాయి. క్లెమ్ చలికాలమంతా చేసిన పని ఉక్కులో పాడింది. లోర్నా చెయ్యి చాచింది, భుజం దాటి, చంక పూర్తిగా తెరుచుకునేదాకా చాచి, లాగింది. అటు ఆవిస్ లాగింది. మాటల్లేవు. లాగు, వదులు. పొడుగాటి పీచులు పీచులుగా పొట్టు రాలుతోంది. సగం కోత దాటాక క్లెమ్ చీల దూర్చాడు, నూనె చల్లాడు. ఎడమవైపు పెంగ్విన్ అమ్మాయిలు తడబడ్డారు, రంపం వంగింది. కుడివైపు డెలొరైన్ రంపం పిశాచంలా దూసుకొస్తున్న చప్పుడు. లోర్నా పక్కకి చూడలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఊపిరి మండుతోంది, చేతులు మాట వింటున్నాయి. చెప్పినట్టు వింటున్నాయి, ప్రతి వేలూ.

వాళ్ళ దుంగ నుంచి చెక్క బిళ్ళ తెగి గడ్డిమీద పడింది. ఒక్క లాగుడు తేడాతో, కుడివైపు బిళ్ళ పడింది.

ఎవరు గెలిచారో లోర్నాకి తెలియలేదు. క్లెమ్ లేచి నిలబడి, నూనె సీసా కింద పడేసి, ఇరవై ఏళ్ళుగా ఎవరూ వినని గొంతుతో, "సరేఏఏ!" అని అరిచినప్పుడు తెలిసింది. కంచె అవతల టెవిటా మాంసం రొట్టెని గాల్లోకి విసిరేశాడు. డెలొరైన్ తల్లి వచ్చి చెయ్యి కలిపి, "ముసలిదానా, ఎక్కడ దాక్కున్నావే ఇన్నాళ్ళూ?" అంది. ఆవిస్ గడ్డిమీద వెల్లకిలా పడుకుని, "వదినా, నీళ్ళు… లేదంటే బీరు… లేదంటే బీరు," అంటోంది.

అరగంట తర్వాత పెద్ద దుంగ పోటీ. బోర్డు మార్చారని ఎవరో అంటే లోర్నా చెమట తుడుచుకుంటూ చూడటానికి పోయింది. గెలిచినవాళ్ళని వెనక్కి జరపడం గస్ రివాజు. తమ పేర్ల పక్కన పది కొట్టేసి పన్నెండు రాశాడు, ముద్దుగా, సున్నితంగా కాదు, సుద్ద విరిగేంత గట్టిగా.

"ఆవిస్! రెండు సెకన్లు వెనక్కి నెట్టాడే!" లోర్నా కేక మైదానం అవతలికి వినపడింది. పతకం వచ్చినట్టుంది ఆ ముఖం.

"దానికి అంత మురిసిపోతావేంటే పిచ్చి మొహమా? లే… కాదు, నేనే లేవాలి కదూ. చెయ్యివ్వు."

లోర్నా పరిగెత్తుకొచ్చి, చెయ్యిచ్చి, గడ్డిమీంచి ఆ బరువంతా ఒక్క లాగుడుకి నిలబెట్టింది. అవతల అప్పుడే పెద్ద దుంగ ఎక్కిస్తున్నారు.